ఒట్టి చేతులతో మొదలైన వ్యాపారం

వవావు దీవి, టోంగా
2024 మార్చి 4

నా సోదరి సెయినీ జ్యేష్ఠ పుత్రిక, మా వంశానికి తలమానికమైన మెలెనైతెకు, మేనమామ ఫెలేతి వినయపూర్వకంగా వ్రాయు లేఖ.

నీ ఉత్తరం శనివారపు విమానంలో వచ్చిన పాస్టరుగారి ద్వారా అందింది. ఫోనులో మాట్లాడుకోక కాగితంపై వ్రాసుకొందామన్న నా చాదస్తాన్ని నీవు మన్నిస్తున్నందుకు కృతజ్ఞుణ్ణి. అయితే ముప్పైయేళ్లు బడిలో బలపం పట్టించినవాడిని గనుక ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. నీ లేఖలో ఆశ్చర్యార్థకాలు లెక్కకు మించి ఉన్నవి. ఆశ్చర్యపడవలసిన సంగతి మాత్రం నాకొక్కటీ కనబడలేదు. కొన్ని వాక్యాలకు క్రియ లేదు. క్రియ లేని వాక్యం గుమ్మం లేని ఇల్లు. లోపలికి పోవడం ఎట్లాగో పాఠకుడికి తెలియదు.

ఇక్కడ అందరం క్షేమం. గాలివానకు ఊడిపోయిన బడి కప్పు ఇంకా వేయలేదు. పిల్లలు చర్చి హాలులో చదువుతున్నారు. మూడవ తరగతికి పాఠం చెప్పే మా అమ్మాయి లోసలీన్ గొంతు చిన్నది. ఆ హాలులో చివరి వరుసకు అందదు. సాయంత్రం ఆ పిల్ల కొండమీద సిగ్నలు దొరికే చోటికి ఎక్కి, వ్యాపారం గురించి నీవు ఫోనులో చెప్పే పాఠాలు వింటోంది. మొన్న భోజనం వేళ జరిగిన సంభాషణ యథాతథంగా వ్రాస్తున్నాను.

“నాన్నా, అక్క ఒట్టి చేతులతో మొదలుపెట్టిందట. చేతిలో ఒక్క పాంగా డబ్బు కూడా లేదట తెలుసా?”

“ఎవరు చెప్పారు?”

“అక్కే చెప్పింది! పాఠం పేరే అది. ‘ఒట్టి చేతులతో మొదలు.’ ఇక్కడ పలక పట్టుకుని అరిచి అరిచి నాకు గొంతే పోయింది. అక్క చెయ్యగలిగింది నేనెందుకు చెయ్యలేను?”

నేను మరో చేమదుంప ఒలవడం మొదలుపెట్టాను. నీకు తెలియనిది కాదు. సోదరి సంతానం మాకు పూజనీయం. మీ పెద్దమామ లొపేతి మరణించినప్పుడు మేనమామల ఇంటిపై సర్వాధికారం గల ఫాహూవై శవం తల దగ్గర కూర్చున్నది నీవు. తమ్ముణ్ణయినా పెరట్లో సంతాపసూచకంగా నడుముకు చిరుగు చాప కట్టుకొని గుంతపొయ్యిలో కట్టెలు ఎగదోసినది నేను. నీ గురించి నా నోట భిన్నమైన మాట రాకూడదు. అది పద్ధతి. పద్ధతి మంచిదే.

కాబట్టి నా విన్నపం ఇది. నీ మాట లోసలీన్‌కు శాసనం. నీ వ్యాపారం ఏ విధంగా ఆరంభమైనదో, ఆరంభానికి పూర్వం ఏమేమి సమకూరి ఉన్నవో, నీవే ఆమెకు విశదంగా తెలియజేస్తే బాగుంటుంది. ఆమెది తొందరపడే స్వభావం. బడిలో ఉద్యోగం ఒకసారి వదిలితే తిరిగి రాదు. నేను కూర్చున్న కుర్చీలో ఏనాటికైనా ఆమె కూర్చుంటుందని నా ఆశ. ఆపైన నీ చిత్తం. మా ఇంటిలో ఉన్నదంతా నీదే. లోసలీన్ సైతం నీ ఆజ్ఞకు లోబడినదే. మా వంటి అల్పులం నీకు ఏమివ్వగలం?

భవదీయుడు,
ఫెలేతి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు


సిడ్నీ
మార్చి 21

మామయ్యా!

నీ ఉత్తరం చదివి ఏడ్చేశాను. ఒట్టు. కెమెరా ఆన్‌లోనే ఉంది కాబట్టి అందరూ చూశారు కూడా. “మా ఇంటిలో ఉన్నదంతా నీదే” అన్న చోట ఆగిపోయాను, ఇక చదవలేకపోయాను. కామాలూ ఫుల్‌స్టాపులూ నువ్వే చల్లుకో మామయ్యా, కూరలో ఉప్పు చల్లుకున్నట్టు. నాకంత తీరిక ఎక్కడిది!

నువ్వు నోరు తెరిచి అడగలేకపోయావు గానీ నాకర్థమైంది. లోసలీన్‌ని నా చేతిలో పెట్టావు. ఇంక నీకు బెంగ అక్కర్లేదు. నిన్ననే గంటసేపు మాట్లాడాను దానితో. నిప్పు మామయ్యా అది! ఆ చర్చి హాల్లో పిల్లల ముక్కులు తుడుస్తూ ఉండాల్సిన మనిషా? అందరి దగ్గరా డబ్బు తీసుకునే నా లోపలి బృందంలోకి దాన్ని ఊరికే తీసుకున్నాను. సొంత చెల్లెలి దగ్గర ఏం పుచ్చుకుంటాను?

మొదటి పాఠం చెప్పేశాను. జీతం అంటే నడుముకి కట్టిన తాడు, తాడున్నంతసేపూ ఈత రాదు. దాన్ని ముందు కోసెయ్యమన్నాను. భయపడింది పాపం. “నాన్న ఏమంటారో” అంది. మీ నాన్నే రాశాడే పిచ్చిదానా, చూడు, అని నీ ఉత్తరం దానికి చూపించాను. “నీ ఆజ్ఞకు లోబడినదే” అని నీ చేతిరాతతో ఉంది కదా. దాంతో నోరు మూసుకుంది.

ఇంకో సంగతి. “ఉన్నదంతా నీదే” అన్న నీ వాక్యం నా పేజీ పైన పెట్టాను, పక్కన నీ ఫొటో. పెదమామయ్య అంత్యక్రియలప్పటిది, పొగలో కళ్లు మూసుకుని నిలబడ్డావు చూడు, అది. ప్రార్థన చేస్తున్నట్టు భలే వచ్చింది. కింద “విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు” అని రాశాను. జనం ఎవర్ని నమ్మకపోయినా బడి మాస్టార్ని నమ్ముతారు!

అమ్మ బాగానే ఉంది. నిన్ను అడిగానని చెప్పమంది.

నీ
మెలెనైతె


వవావు
ఏప్రిల్ 16

తలమానికమైన మెలెనైతెకు, మేనమామ నమస్సులు.

నీ ఆదరానికి మాటలు చాలవు. అయినా కొన్ని మాటలు వ్రాయవలసి వచ్చింది.

లోసలీన్ గత సోమవారం రాజీనామా చేసింది. ప్రధానోపాధ్యాయుడు నా శిష్యుడే. స్వయంగా ఇంటికి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. “మాస్టారూ, ఒక్కసారి పిలిచి చెప్పండి సార్. కాగితం ఇంకా పైకి పంపలేదు, సొరుగులోనే పెట్టాను” అని బ్రతిమాలాడు. నేను పిలిచాను. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

“అక్క చెప్పింది నాన్నా. నువ్వే రాశావటగా, అక్క ఆజ్ఞకి లోబడి ఉండమని? ఇప్పుడు ఎవరి మాట వినను? నీదా, నీ ఉత్తరంలోదా?”

ఫాహూ చెప్పిన మాటను అతిథి ముందు కాదనే అధికారం నాకు లేదు. అతడు టీ తాగకుండానే వెళ్లిపోయాడు. మరునాడు కాగితం పైకి వెళ్లింది.

నా ఛాయాచిత్రాన్ని లోసలీన్ ఫోనులో చూపించింది. నేను ప్రార్థించడం లేదు. పొగకు కళ్లు మండుతున్నవి. అయినా అది స్వల్ప విషయం. ఆ చిత్రం క్రింద నీ పాఠం ఒకటి కదులుతూ ఉన్నది. నీ వెనుక గోడపై చట్రాలు బిగించిన నారవస్త్రపు ముక్కలు కనిపించాయి. ఫోను పెద్దది చేసి చూడమన్నాను. నలుపు మీద నడిచే పక్షుల వరుస నీ అత్త ఆకనేసి వేసినది. ఇంకెవరూ ఆ పక్షికి మెడ అంత పొడుగు వేయరు. ఆ వస్త్రం మా ఇంటి గుమ్మం నుండి రోడ్డు వరకు పరుచుకొనేది. ఆ బెరడును దంచిన చప్పుడు నాకింకా చెవిలో ఉన్నది. పక్షులలో కొన్నిటికి తలలు లేవు. కత్తెర అక్కడ పడింది.

నీదైన వస్తువును నీవు ఏమైనా చేయవచ్చు. కాదనను. నా సందేహం వేరు. పాఠంలో “నా దగ్గర ఏమీ లేదు, ఈ రెండు చేతులు తప్ప” అంటున్నావు. లొపేతి అంత్యక్రియలలో నీ ఎదుట పేర్చిన చాపల దొంతర, నారవస్త్రాల కట్టలు పాఠంలో ప్రస్తావనకు రాలేదు. ఊరిలోని ప్రతి ఇల్లూ తన పెట్టెలోని మేలైన చాప తెచ్చి నీ ముందు పెట్టింది. ఫాహూ వాటిని స్వీకరించి, ఖననం ముగిశాక లేనివారికి, విధవకు పంచడం వాడుక. నీకు విమానం వేళయినందున పంచడానికి వ్యవధి చాలలేదని మేమందరం అనుకున్నాము. పాఠంలో కూడా నిడివి చాలలేదేమో. వీలు చూసుకొని ఆ ఒక్క భాగం చేర్చగలవా? లోసలీన్ వంటి వారు విని లెక్క సరిగా వేసుకొంటారు. ఆమెకు ఎవరూ అటువంటి దొంతర పేర్చరు గదా.

భవదీయుడు,
ఫెలేతి


సిడ్నీ
మే 9

మామయ్యా,

అర్థమైంది. ఊరి పేరు రాలేదని కోపం. న్యాయమే! అడగడానికి అంత డొంకతిరుగుడు దేనికి మామయ్యా, “మా ఊరి పేరు వెయ్యవే పిల్లా” అంటే సరిపోయేది కదా. వేసేశాను. పాఠం చివర సముద్రం బొమ్మ మీద “నా మూలాలకు వందనం” అని ఊరి పేరు వస్తుంది. వెనకాల చర్చి పాట కూడా పెట్టాను. మా బృందంలో సగం మంది కళ్లు తుడుచుకున్నారు.

అత్త నారవస్త్రం గురించి. ఇక్కడి గోడలు చిన్నవి మామయ్యా! మీ గుమ్మం నుంచి రోడ్డు దాకా వచ్చే గుడ్డని సిడ్నీలో ఎవరింట్లో పరుస్తావు? ముక్కలు చేస్తేనే నలుగురూ చూశారు. లేకపోతే అమ్మ మంచం కింద బొద్దింకలు చూసేవి.

ఒట్టి చేతుల మాట అంటావా, అబద్ధం ఏముంది అందులో? ఆ చాపలు నేను కొన్నానా? లేదు. అప్పు చేశానా? లేదు. కొననిది పెట్టుబడి ఎలా అవుతుంది మామయ్యా? కథ ఎక్కడ మొదలుపెట్టాలన్నది చెప్పేవాళ్ల ఇష్టం. నేను విమానం దిగిన దగ్గర మొదలుపెట్టాను, అంతే. చావింటి దగ్గర మొదలుపెడితే ఎవరు చూస్తారు, మొదటి నిమిషంలోనే పోతారు.

లోసలీన్‌కి ఎవరూ పేర్చరన్నావు. అక్కడే నువ్వు దాన్ని తక్కువ అంచనా వేస్తున్నావు. పేర్చకపోతే అదే వెళ్లి పోగు చేసుకుంటుంది. ఊళ్లో ఆడవాళ్ల దగ్గర పెట్టెల నిండా చాపలు పురుగు పట్టిపోతున్నాయి కదా. అన్నీ తెచ్చి నాకు పంపమన్నాను. అమ్మే పూచీ నాది. వాళ్లకీ లాభం, దానికీ లాభం, ఊరికీ పేరు. ఇంకేం కావాలి నీకు?

నవ్వు మామయ్యా కాస్త!

మెలెనైతె


వవావు
జూన్ 27

తలమానికమైన మెలెనైతెకు,

ఊరి పేరు వేసినందుకు ఊరి పక్షాన ధన్యవాదాలు. నేనడిగినది అది కాదు. అయినను, “అమ్మే పూచీ నాది” అని నీవు వ్రాసిన వాక్యానికి కర్త, కర్మ, క్రియ అన్నీ సక్రమంగా ఉన్నవి. ఫాహూ పలికిన పూచీని మేము ఇంకొక్కసారి అడగము. అందుచేత నా మనసు కొంత కుదుటపడింది.

నిన్న ఓడకు సరుకు ఎక్కింది. లోసలీన్ నెల రోజులు ఇల్లిల్లూ తిరిగింది. ఆ పిల్ల అంత మాట్లాడగలదని నేనెరుగను. చాపలు నేసే ఇంటిలో స్త్రీలందరూ మొగలి ఆకులు చీలుస్తూ కూర్చున్నప్పుడు నేను లోసలీన్‌కు గొడుగు తీసుకొని అటు వెళ్లవలసి వచ్చింది. అందరి ముందూ తెలేసియా అవ్వ నన్ను నిలేసింది. ఆమె నీకు గుర్తుండవచ్చు. సముద్రంలో ఆకులు నానవేసి ఆమె తెల్లబరిచినట్లు మరెవరికీ చేతకాదు.

“మాస్టారూ, నీ పిల్ల మా చాపలన్నీ పట్టుకుపోతానంటోంది. సిడ్నీలో నీ మేనకోడలు అమ్మిపెడుతుందట. నమ్మొచ్చా? నువ్వు చెప్పు.”

స్త్రీల చేతులన్నీ ఆగిపోయినవి. నేనేమి చెప్పగలను? నీ గురించి సందేహం పలికితే నా సోదరిని బజారులో అవమానించినట్లే.

“ఆమె మా ఇంటికి పెద్ద” అన్నాను. అది నిజం. అంతకు మించి ఒక్క అక్షరం అనలేదు.

“మాస్టారే అన్నాక ఇంకేం!” అన్నది అవ్వ. ఇంటికి వెళ్లి, తన ఖననానికని ఏళ్ల తరబడి నేసి దాచుకొన్న రెండు తెల్లచాపలు తెచ్చి లోసలీన్ ఒడిలో వేసింది. ఆమె కూతురు వలదని చేయి పట్టుకొన్నది. “పోవే! నేనేం రేపే పోతున్నానా? ఇంటికి కప్పు లేక వానంతా నెత్తిమీదే పడుతోంది, రేకులు కొనద్దూ? పెట్టెలో పడుకుని ఈ చాపలేం చేస్తాయి, వెళ్లి సిడ్నీ చూసి రానీ” అని నవ్వింది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవ్వరూ వెనుకాడలేదు. ఊరిలోని పెట్టెలన్నీ తెరుచుకొన్నవి.

దయచేసి తెలేసియా అవ్వ చాపలు ముందుగా చూడు. వర్షాకాలానికి ముందు రేకులు పడాలి. వాటిని కోయవద్దని నా ప్రత్యేక ప్రార్థన.

భవదీయుడు,
ఫెలేతి


సిడ్నీ
ఆగస్టు 30

మామయ్యా,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఊపిరి సలపడం లేదు. బ్రిస్బేన్‌లో పెద్ద సభ, ఆక్లండ్‌లో ఇంకోటి. నేను స్టేజీ ఎక్కి “ఒట్టి చేతులు!” అంటే హాలంతా చేతులు పైకెత్తుతారు. నువ్వుంటే అందరినీ కూర్చోబెట్టి క్రియ ఎక్కడుందని అడిగేవాడివి.

సరుకు అందింది. ఓడ దిగి చాలా రోజులైంది. గరాజులో ఉంది, తడి తగలకుండా అమ్మ దుప్పట్లు కప్పింది. అమ్మ ఆ కట్టలు విప్పి చూసిన రోజు నుంచీ నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి గరాజులో కూర్చుంటుంది. ఆ ఉద్యోగం మానెయ్యమంటే మానదు, ఇంటద్దె ఎవరు కడతారంటుంది. పాతకాలపు మనుషులు.

నీతో నిజం చెప్పాలి మామయ్యా, నువ్వు అర్థం చేసుకుంటావు. ఇప్పుడు చాపలు ఎవరు అమ్ముతున్నారు? నేను మానేసి ఏడాదిన్నర అయింది. పెదమామయ్య అంత్యక్రియల చాపలు అయిపోయిన రోజుతో ఆ వ్యాపారం అయిపోయింది. కొనేవాళ్లే లేరు, ఉన్నవాళ్లు ఇంట్లో అమ్మమ్మని అడిగి తెచ్చుకుంటారు. చాపలు అమ్మితే ఎవరికీ ఏమీ మిగలదు. చాపలు ఎలా అమ్మాలో చెబితే మిగులుతుంది. ఇప్పుడు నేను అమ్మేది అదే.

లోసలీన్‌కి కూడా ఇదే చెప్పాను. ఆ చాపల గోల వదిలెయ్, రెండో మెట్టు ఎక్కు, మనుషుల్ని చేర్చు అన్నాను. ఊళ్లో అమ్మాయిల్ని పదిమందిని నా పాఠంలో చేర్చగలిగితే దాని భాగం దానికి వస్తుంది. ఏడ్చింది. మొదట్లో అందరూ ఏడుస్తారు.

చాపలు వెనక్కి పంపడమంటే ఓడ ఖర్చు నాకు మోయలేనంత. కొన్నాళ్లు ఉండనీ. పాఠాలు తీసేటప్పుడు వెనకాల పరిస్తే బాగా కనిపిస్తున్నాయి కూడా.

మెలెనైతె


వవావు
సెప్టెంబరు 22

మెలెనైతెకు,

తెలేసియా అవ్వ మొన్న గురువారం మరణించింది. వానలో తడిసి జ్వరం వచ్చింది, రొమ్ము పట్టేసింది, పట్నం ఆసుపత్రికి చేర్చిన మరునాడే పోయింది.

శవాన్ని ఇంటికి తెచ్చాక క్రింద పరచడానికి చాప కావలసి వచ్చింది. కూతురు ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి అడిగింది. అందరూ పెట్టెలు తెరిచి చూపించారు. ఏ పెట్టెలో ఏమీ లేదు. మన దీవిలో ఇంతవరకు ఏ చావింటిలోనూ ఈ మాట వినలేదు. ప్రక్క ఊరి నుండి తెప్పించేసరికి సాయంత్రమైంది. అంతవరకు ఆమెను రోజూ పడుకొనే పాత చాప మీద, దుకాణంలో కొన్న పులిబొమ్మ దుప్పటి పరచి ఉంచారు. తెల్లని చాప నేయడంలో తనను మించినవారు లేని మనిషి.

లోసలీన్ వెళ్లి గుమ్మం దగ్గర నేలమీద కూర్చున్నది. కూతురు ఆమెను చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“రా లోసలీన్, కూర్చో. మా అమ్మ చాపలు సిడ్నీ చూశాయా? బావుందటా ఆ ఊరు?”

నా బిడ్డ తల ఎత్తలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు. కవా అనే వేరురసం త్రాగే పాత్ర దగ్గర నాకు ఎప్పటిలాగే పెద్దపీట వేశారు. గిన్నె నా చేతికిచ్చి “త్రాగండి మాస్టారూ” అన్నారు. అంతే.

నీవు నన్ను నీ పేజీ మీద సాక్షిగా నిలబెట్టావు. సాక్షి చెప్పవలసినది ఇంకా చెప్పలేదు. ఈ క్రింది మాటలు నీ బృందానికి చదివి వినిపించు. ఒక్క వాక్యం తీయవద్దు.

“నేను మెలెనైతె మేనమామను. ఆమె ఒట్టి చేతులతో మొదలుపెట్టలేదు. మా అన్న చావులో ఊరంతా పెట్టిన చాపలతో, నా భార్య చేసిన నారవస్త్రంతో మొదలుపెట్టింది. అవి అయిపోయిన నాడు ఆ వ్యాపారం మూతపడింది. ఇప్పుడు ఆమెకు వ్యాపారం లేదు. మీరే ఆమె వ్యాపారం. ఆమె ఇంటద్దె నా సోదరి రాత్రిపూట ఆసుపత్రి నేల తుడిచి కడుతోంది. ఈమె మాట విని నా కుమార్తె ఉద్యోగం పోగొట్టుకొన్నది. మా ఊరిలో ఒక వృద్ధురాలు తన చాప లేకుండా పోయింది. మీ చేతులు దించుకొని ఇళ్లకు వెళ్లండి.”

ఫెలేతి


సిడ్నీ
అక్టోబరు 19

మామయ్యా,

అవ్వ సంగతి విని గుండె పగిలింది. నిజంగా. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. చాపలు ఓడకెక్కించాను, ఈసారి ఖర్చు నాదే. వచ్చే నెలలో వస్తాయి.

నీ మాటలు చదివాను. ఒక్క వాక్యం తియ్యలేదు. నువ్వు కోపంలో రాశావని తెలుసు, అయినా చదివాను. లైట్లు తగ్గించి, మొహానికి ఏమీ రాసుకోకుండా, నీ కాగితం చేత్తో పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. “మీరే ఆమె వ్యాపారం” దగ్గర ఆగిపోయి చాలాసేపు ఏడ్చాను.

ఏం జరిగిందో తెలుసా మామయ్యా? ఒక్కరు కూడా ఇంటికి వెళ్లలేదు. ఇంత నిజాయితీ ఇంతవరకు ఎవరిలోనూ చూడలేదన్నారు. తన మీద రాసిన ఉత్తరం తనే చదివేవాళ్లు ఎవరున్నారు అన్నారు. ఎప్పుడూ చేరనంత మంది ఆ రాత్రి చేరారు. ఇప్పుడు కొత్త పాఠం అదే. పేరు “నా పెద్ద ఓటమి”. నీ ఉత్తరమే మొదటి పేజీ. ఓటమి చెప్పుకుంటేనే ఇప్పుడు జనం నమ్ముతున్నారు మామయ్యా, గెలుపు కథలు విని విని విసిగిపోయారు. ఇది మంచికే జరిగింది.

ఇంకొక్కటి అడుగుతాను. లోసలీన్‌ని నా దగ్గరికి పంపు. ఊళ్లో అది తలెత్తుకోలేదు, నాకు తెలుసు. ఇక్కడ నా పక్కన కూర్చుని జరిగింది దాని నోటితో చెబితే చాలు. టిక్కెట్టు నాది, తిండి నాది. దానికీ దారి దొరుకుతుంది. నేను ఫాహూగా అడుగుతున్నాను మామయ్యా. ఇంతవరకు ఆ మాట వాడలేదు, గుర్తుంచుకో.

మెలెనైతె


వవావు
నవంబరు 11

మెలెనైతెకు,

పంపను.

ఈ మాట నేను బంధువుల ముందు చెప్పి, తర్వాత కాగితం మీద పెడుతున్నాను. ఆదివారం భోజనాలయ్యాక అందరినీ పిలిచాను. నా పినతండ్రి కొడుకు చేతిలోని గిన్నె క్రింద పెట్టేశాడు.

“సోదరి బిడ్డ అడిగితే మేనమామ కాదంటాడా? మన ఇంటావంటా ఉందా ఫెలేతీ? పిల్లనివ్వమంటే పిల్లను, నేలనివ్వమంటే నేలను ఇచ్చేవాళ్లమే! చదువుకున్నవాడివి, నీకిదేం బుద్ధి?”

“కాదనడం మన ఇంటావంటా లేదు గనుకనే ఇంతదాకా వచ్చింది” అన్నాను. ఒకరొకరుగా లేచి వెళ్లిపోయారు. ఎవరూ వెళ్లొస్తామని చెప్పలేదు.

ఆ సాయంత్రమే మీ అమ్మ ఫోను చేసింది. పుట్టిన నాటి నుండి ఆమె ఎదుట నేను గొంతు పెంచి ఎరుగను. “నా కూతుర్ని కాదన్నావట. సంతోషం అన్నయ్యా. నేను పోయినప్పుడు నువ్వు రాకు. పొయ్యి దగ్గర కూడా నీకు చోటు లేదు” అన్నది. నీ గరాజులో చాపల మధ్య కూర్చొన్న మనిషే ఆమె. అయినా నీవు ఆమె బిడ్డవు, లోసలీన్ నా బిడ్డ. ఆమెను నేను తప్పుపట్టను.

నా పేరు, నా ఛాయాచిత్రం, నా లేఖలు నీ పేజీ మీద నుండి తీసివేయి అని అడగబోయి మానుకొన్నాను. అడిగితే అదీ చదువుతావు. ఇకపై నీకు నా వాక్యం ఒక్కటీ అందదు, ఇదే చివరిది.

లోసలీన్ కుర్చీకి హాపాయి దీవుల నుండి ఒక యువకుణ్ణి పంపారు. గొంతు పెద్దదట, చివరి వరుసకు వినిపిస్తుందట. ఆమె ఇప్పుడు నెయాఫు పట్నంలో దుకాణం గల్లా దగ్గర కూర్చుంటోంది. ఈ లేఖ మూయకముందు ఆమెకు చదవడానికిచ్చాను. ‘పంపను’ అన్న మొదటి మాట దగ్గరే ఆగి దాని మీద వేలు పెట్టింది.

“నాన్నా, ఇంత చిన్న మాట ఉందని నీకు మార్చిలో తెలియదా?”

కాగితం తిరిగి నా చేతిలో పెట్టి చెప్పులు వేసుకొన్నది. జవాబు కోసం ఆగలేదు. దుకాణం తెరిచే వేళయింది.

ఫెలేతి